మండికల్ డ్రైవరు, కువైట్ స్టీరింగు

మండికల్ హోబళిలో పుట్టినవాడు బండి నేర్చుకోవడానికి స్కూలుకు పోవడం అరుదు. పెరేసంద్ర దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఉంది, టమోటా తోలే క్యాంటర్లు ఉన్నాయి. క్లీనరుగా రెండేళ్లు తిరిగితే మూడో ఏడు స్టీరింగు చేతికొస్తుంది. బాగేపల్లి టోల్ దాటి, కొడికొండ చెక్‌పోస్టు దాటి, హైదరాబాదు దాకా పదిహేనేళ్లు రాత్రిళ్లు బండి తోలినవాళ్లు మన ఊళ్లలో కావలసినంతమంది. అలాంటి మనిషి గల్ఫ్‌కు పోయి, అక్కడి లైసెన్సు పరీక్షలో రెండుసార్లు తప్పి, ఇంటికి ఫోన్ చేసి "నాకు బండి రాదంటాండారు నాయనా" అంటే ఆ తండ్రి ఏం చెప్పాలి? ఇంత అనుభవం ఉన్నవాడికి బండి రాకపోవడం ఏమిటి?

ఈ మాట ఇప్పుడు ఎత్తడానికి కారణం ఉంది. కువైట్ 2025 ఏప్రిల్ 22 నుంచి కొత్త ట్రాఫిక్ చట్టం అమల్లోకి తెచ్చింది. ఎర్ర దీపం దాటితే జరిమానా 150 దినార్లు. మన డబ్బులో నలభై వేలకు పైమాటే. బండి నడుపుతూ ఫోన్ పట్టుకుంటే 75 దినార్లు, సీటు బెల్టు లేకపోతే 30. ఎమిరేట్స్‌లో కూడా 2025 మార్చి 29 నుంచి కొత్త ఫెడరల్ ట్రాఫిక్ చట్టం నడుస్తోంది. ఒక్క తప్పుకు నెల జీతంలో పెద్ద ముక్క పోయే రోజులివి. పరీక్షలో తప్పడం ఒక నష్టం. పరీక్ష ఎలాగో గట్టెక్కి, పాత అలవాటుతోనే రోడ్డెక్కడం అంతకన్నా పెద్ద నష్టం.

సరిహద్దు అవతల రాయచోటి, రాజంపేట, కడప నుంచి కువైట్‌కు పోవడం రెండు మూడు తరాల మాట. మన బాగేపల్లి, చింతామణి తాలూకాల వాళ్లకు అటువైపు వియ్యాలు, బంధుత్వాలు ఉన్నాయి కాబట్టి ఆ దారిలోనే పోయేవాళ్లు ఉన్నారు. ఎక్కువగా దొరికేది ఇంటి డ్రైవరు పని, అంటే 20వ ఆర్టికల్ వీసా. మామూలు విదేశీయుడికి కువైట్‌లో లైసెన్సు కావాలంటే 600 దినార్ల జీతం, డిగ్రీ, రెండేళ్ల నివాసం అడుగుతారు. ఇంటి డ్రైవరుకు ఆ షరతుల నుంచి మినహాయింపు ఉంది కానీ పరీక్ష నుంచి లేదు. పైగా అతని లైసెన్సు ఆ ఉద్యోగానికే కట్టి ఉంటుంది. లైసెన్సు రాని డ్రైవరును ఏ యజమాని ఎన్నాళ్లు కూర్చోబెట్టి పోషిస్తాడు? ఇక్కడ చేసిన అప్పుకు మాత్రం మొదటి నెల నుంచే వడ్డీ నడుస్తుంది.

మనవాళ్లు పరీక్ష తప్పితే అందరూ చెప్పే కారణం ఒకటే: అక్కడ స్టీరింగు ఎడమవైపు, బండి పోయేది కుడివైపు. నిజమే, అది చిన్న మార్పు కాదు. గేరు మార్చే చేయి ఎడమ నుంచి కుడికి మారుతుంది. లోపలి అద్దం కుడి చేతి వైపుకు పోతుంది. మన మారుతి, హ్యుందాయ్ బండ్లలో ఇండికేటరు కాడ స్టీరింగుకు కుడివైపు ఉంటుంది, అక్కడ ఎడమవైపు. మలుపు వచ్చిందని కాడ నొక్కితే ఎండాకాలంలో వైపరు తిరుగుతుంది. ఇది విని నవ్వని గల్ఫ్ డ్రైవరు లేడు, మొదటి వారం ఈ పని చేయని డ్రైవరూ లేడు. ఇక్కడ ఎడమకు తిరగడం సులువు, కుడికి తిరిగితే ఎదురు బండ్లకు అడ్డం పోవాలి. అక్కడ తిరగబడుతుంది. మన సర్కిల్‌ను గడియారం ముల్లులా చుట్టి వస్తాం. అక్కడ చుట్టేది ఎదురుగా, దారి ఇవ్వాల్సింది ఎడమవైపు నుంచి వచ్చే బండికి. ఒక్క క్లచ్, బ్రేకు, యాక్సిలరేటరు మాత్రం ఎక్కడికి పోయినా అదే వరుస. కాళ్లకు కొత్త పాఠం లేదు, చేతులకూ కళ్లకూ ఉంది.

స్వీడన్ దేశం 1967 సెప్టెంబరు 3 తెల్లవారుజామున ఎడమ నుంచి కుడికి మారింది. పార్లమెంటు నిర్ణయం 1963లో అయింది. నాలుగేళ్లపాటు జనానికి నేర్పి, గుర్తులు మార్చి, ఆ రాత్రి బండ్లు ఆపి, ఒక దేశం మొత్తం ఒకేసారి మారింది. మన డ్రైవరు ఇదే మార్పును నాలుగైదు గంటల విమాన ప్రయాణంలో, ఒంటరిగా, ఎవరూ ఏమీ నేర్పకుండా చేయాలి.

అయినా, తప్పడానికి అసలు కారణం స్టీరింగు వైపు మారడం కాదని మేము అనుకుంటున్నాం. దీనికి సాక్ష్యం బ్రిటన్. అక్కడ మనలాగే ఎడమవైపు పోతారు, స్టీరింగు కుడివైపే. మన రోడ్డు చట్టానికి మూలం కూడా వాళ్లదే. భారత లైసెన్సుతో అక్కడ స్థిరపడ్డవాడు 12 నెలలు కారు తోలుకోవచ్చు, తరువాత పరీక్ష రాయాలి. బెంగళూరులో పదేళ్లు కారు నడిపిన మన చింతామణి, చిక్కబళ్లాపుర పిల్లలు అక్కడి రోడ్డు పరీక్షలోనూ తప్పుతున్నారు. ఆ పరీక్ష దాదాపు 40 నిమిషాలు. చిన్న తప్పులు 15 దాకా మన్నిస్తారు, పెద్ద తప్పు ఒక్కటి చేసినా ఫెయిల్. అక్కడివాళ్లే ఒక్కో విడతలో సగం మంది కూడా పాసవరు. అద్దం చూడకుండా లైను మారడం, ఖాళీ రోడ్డు మీద ఉండాల్సిన వేగం కన్నా బాగా నెమ్మదిగా పోవడం, పాదచారి అడుగు పెడుతున్నా ఆగకపోవడం, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. బండి తిప్పే వైపుకూ వీటికీ సంబంధం లేదు.

స్టీరింగు పట్టుకునే తీరు మీద కూడా అపోహలు ఉన్నాయి. చేతులు ఒకదాని మీదుగా ఒకటి పోతే బ్రిటన్‌లో ఫెయిల్ చేస్తారని చాలామంది నమ్మకం. అది దానికదే తప్పు కాదు, బండి అదుపు తప్పితేనే తప్పు. కాలిఫోర్నియా రవాణా శాఖ పుస్తకం గడియారంలో 9, 3 అంకెల దగ్గర గానీ 8, 4 దగ్గర గానీ చేతులు పెట్టమంటుంది. ఎయిర్‌బ్యాగు పేలినప్పుడు చేతులు ముఖానికి తగలకూడదని ఆ జాగ్రత్త. మన లారీ అలవాటు వేరు: ఒక చేయి 12 మీద, ఇంకొక చేయి గేరు మీదో కిటికీ బయటో. పవర్ స్టీరింగు లేని పాత లారీని తిప్పిన భుజాలకు అది తప్పని తెలియదు.

కిటికీ బయటి చేయి అంటే ఒకటి గుర్తొచ్చింది. మన మోటారు వాహనాల చట్టం 120వ సెక్షను ప్రకారం ఎడమ స్టీరింగు బండి మన రోడ్డు మీద నడపాలంటే పనిచేసే సిగ్నల్ పరికరం ఉండి తీరాలి. మన రోడ్డు మీద చేత్తో సైగ చేసేది కుడి చేయి. ఎడమ సీట్లో కూర్చున్నవాడి కుడి చేయి బయటకు రాదు కదా.

అసలు విషయానికి వస్తే, మన అనుభవం అంటే ఎదుటివాడు నియమం పాటించడని ముందే ఊహించి, తప్పించుకుపోయే నేర్పు. గేదె ఎప్పుడు అడ్డం వస్తుందో, ఎదురుగా రాంగ్ సైడులో ట్రాక్టరు ఎప్పుడు వస్తుందో పసిగట్టడం. అది నిజమైన నైపుణ్యమే, దాన్ని తక్కువ చేయడం మాకు ఇష్టం లేదు. కానీ దుబాయ్ పరీక్షకుడు చూసేది అది కాదు. నువ్వు అద్దం చూశావని ఆయనకు కనిపించాలి, భుజం మీదుగా తల తిప్పావని కనిపించాలి, ఆగు గుర్తు దగ్గర చక్రం పూర్తిగా నిలవాలి. కనుగుడ్డు తిప్పి అద్దం చూసే మన లారీ డ్రైవరు చూసినా చూడనట్టే లెక్క.

దుబాయ్ రవాణా సంస్థ అనుభవాన్ని పూర్తిగా పక్కన పెట్టలేదన్నది కూడా చెప్పాలి. లైసెన్సు అసలు లేనివాడికి 20 గంటల శిక్షణ అయితే, సొంత దేశంలో అయిదేళ్లు దాటిన లైసెన్సు ఉన్నవాడికి 10 గంటలు. 2023లో 'గోల్డెన్ ఛాన్స్' పేరుతో, తరగతులు లేకుండా ఒక్కసారి నేరుగా పరీక్షకు కూర్చునే వీలు కూడా ఇచ్చారు. అప్పట్లో దాని ఖర్చు సుమారు 2,200 దిర్హాములని వార్తలు వచ్చాయి. తప్పితే మళ్లీ మామూలు తరగతుల దారే. అనుభవం ఉందన్న ధీమాతో సిద్ధం కాకుండా పోయేవాడికి ఆ బంగారు అవకాశం యాభై వేల రూపాయల లాటరీ టికెట్టు లాంటిది.

రెండో అడ్డు భాష. 2015లో దుబాయ్ కంప్యూటర్ పరీక్షకు కొత్త భాషలు చేర్చినప్పుడు హిందీ, మలయాళం, తమిళం, బెంగాలీ చోటు సంపాదించాయి. ఆ జాబితాలో తెలుగు లేదు. గల్ఫ్‌లో తెలుగువాళ్లు తక్కువా? కాదు. అడిగినవాళ్లు తక్కువ. అయితే తెలుగు చేరినంత మాత్రాన మన జిల్లా డ్రైవరు గట్టెక్కుతాడా అంటే అదీ అనుమానమే. మాట్లాడేది తెలుగు, బడిలో నేర్చిన అక్షరం కన్నడ. తెర మీద తెలుగు ప్రశ్న కనిపిస్తే చదవలేనివాళ్లు మనలో సగానికి సగం ఉంటారని మా అంచనా. లారీ డ్రైవరుకు ఎనిమిదో తరగతి ఉండాలన్న నియమాన్ని కేంద్రం 2019లో తీసేసింది. చదువు లేనివాడికి ఇక్కడ పని దొరకడానికి అది మంచిదే, కానీ అదే మనిషి అక్కడ కంప్యూటర్ ముందు నిలబడాలి. మనకు కావలసింది చెవికి వినిపించే తెలుగు. ఉర్దూ ఇంటి భాషగా ఉన్న మన ముస్లిం సోదరులకు, దారిలో హిందీ నేర్చిన పాత డ్రైవర్లకు కొంత సులువు. మిగిలినవాళ్లు గుర్తుల బొమ్మలు బట్టీ పట్టి పోతున్నారు.

ఇక్కడే చేయగల పని చాలా ఉంది, దానికి ఎడమ స్టీరింగు బండి అక్కరలేదు. మన ఆల్టోలోనే ప్రతి లైను మార్పుకూ తల తిప్పి చూడడం నెల రోజులు అలవాటు చేసుకోవచ్చు. రెండు చేతులతో పట్టుకోవడం, ఖాళీ కూడలిలో కూడా తెల్లగీత ముందు నిలపడం, హారను ముట్టకుండా చింతామణి దాకా పోయి రావడం. చివరిది అన్నింటికన్నా కష్టమని ముందే చెబుతున్నాం. సర్కిల్‌ను నేల మీద సుద్దతో గీసి, పిల్లల బొమ్మకారుతో ఎదురు దిక్కున తిప్పి చూస్తే పది నిమిషాల్లో అర్థమయ్యేది, పుస్తకంలో గంట చదివినా కాదు. విదేశాంగ శాఖ గల్ఫ్‌కు పోయేవాళ్లకు ప్రయాణానికి ముందు శిక్షణ ఇస్తోంది. డ్రైవర్లకు అందులో ఒక పూట ఆ దేశం రోడ్డు గుర్తులు, మలుపులు వాళ్ల భాషలో చెప్పించమని అడగాలి. తిరిగి వచ్చిన డ్రైవర్లు మన ఊళ్లలోనే ఉన్నారు, వాళ్లకన్నా మంచి మేష్టర్లు దొరకరు.

ఏజెంటు "ఇంటర్నేషనల్ పర్మిట్ ఇప్పిస్తా, అక్కడ పరీక్ష ఉండదు" అంటే నమ్మవద్దు. ఆ పర్మిట్ మన ఆర్‌టీఓ ఆఫీసులోనే వెయ్యి రూపాయల ఫీజుకు దొరుకుతుంది, ఏడాది పనిచేస్తుంది, సందర్శకుడికి ఉపయోగం. పని వీసా మీద పోయి కువైట్‌లో, ఎమిరేట్స్‌లో నివాసి అయినవాడికి అది చాలదు. డబ్బు కట్టే ముందే అడిగి కాగితం మీద రాయించుకోవలసినవి ఇవి: లైసెన్సు ఖర్చు ఎవరిది, ఎన్నిసార్లు పరీక్షకు పంపుతారు, తప్పిన కాలానికి జీతం ఉంటుందా, పూర్తిగా రాకపోతే వేరే పని ఇస్తారా వెనక్కి పంపుతారా. ఇక్కడి లైసెన్సు గడువు కూడా చూసుకోవాలి. ఆ పదేళ్ల అనుభవానికి ఉన్న ఒకే రుజువు ఆ కార్డు.

తిరుగు ప్రయాణం సంగతి ఎవరూ మాట్లాడరు. రెండేళ్ల తరువాత సెలవు మీద వచ్చినవాడు విమానం దిగిన మరునాడే తమ్ముడి కారు తీసుకుని బయలుదేరుతాడు. కళ్లు ఇప్పుడు అటువైపు అలవాటు పడి ఉంటాయి. పెరేసంద్ర క్రాసులో హైవే ఎక్కేటప్పుడు ముందు చూడాల్సింది కుడివైపు, తల తిరిగేది ఎడమవైపు. మొదటి నాలుగు రోజులు తమ్ముణ్ణే తోలమని, పక్క సీట్లో కూర్చుని రోడ్డు చూడమని ఇంట్లోవాళ్లు గట్టిగా చెప్పాలి.