వెళ్లినవారి పేర్లు తీసేదెవరు?

పిల్లలూ, ఇంట్లో బదిలీ ఉత్తర్వు రాగానే మీ అమ్మగారో నాన్నగారో ‘నో డ్యూస్’ కాగితం పట్టుకుని ఆఫీసులో గది గదికీ తిరగడం మీకు తెలుసు. పుస్తకాలు, సామాను, క్వార్టరు తాళం ఇచ్చేశారని ఒక్కొక్కరూ సంతకం చేయాలి. ఇన్ని బదిలీల్లో నేనూ అలా తిరిగాను. ఏ కాగితంలోనూ కంప్యూటర్ గ్రూపుల గడి మాత్రం నాకు కనబడలేదు. అది ఉండి తీరాలని నా అభిప్రాయం.

ముప్పై కంప్యూటర్లున్న చిన్న ఆఫీసునే తీసుకోండి. సర్వర్‌లో పరీక్షల ఫోల్డరు, జీతాల ఫోల్డరు ఉంటాయి. మనిషి మనిషికీ విడిగా అనుమతి ఇవ్వడం కష్టం కాబట్టి ‘పరీక్షల విభాగం’ అని ఒక గ్రూపు చేసి, ఫోల్డరును దానికి అప్పగిస్తారు. కొత్తవారు రాగానే గ్రూపులో పేరు చేర్చితే చాలు. చేర్చకపోతే వారి పని ఆగుతుంది, వెంటపడి అడుగుతారు. తీసేయమని అడిగేవారే ఉండరు. మనం వదిలి వచ్చిన కాలనీ వాట్సాప్ గ్రూపులో నీళ్లు ఎప్పుడొస్తాయో ఇప్పటికీ మనకు తెలుస్తున్నట్టే!

అక్కడ నష్టం లేదు. పరీక్షల ఫోల్డరు అలా కాదు. వెళ్లిన ఉపాధ్యాయుడి పాస్‌వర్డు ఇంకెవరికైనా తెలిసి, ప్రశ్నపత్రం బయటికి పోతే, రికార్డులో కనిపించేది ఆయన పేరే. వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఏ పాపమూ ఎరగకుండా పాఠం చెప్పుకుంటున్న మనిషి సంజాయిషీ రాసుకోవాలి. నన్ను ఎక్కువగా బాధించేది ఇదే. ఖాతా మూసేస్తే సరిపోదా అంటారు. ఊరు వదిలినవారికి సరిపోతుంది. అదే ఆఫీసులో పరీక్షల నుంచి అడ్మిషన్లకు మారినవారి ఖాతా మూయలేం కదా! వారి పేరు రెండు గ్రూపుల్లోనూ ఉండిపోతుంది.

పట్టిక తీయడం పెద్ద పనేమీ కాదు. విండోస్ డొమైన్ ఉన్నచోట పవర్‌షెల్‌లో ‘గెట్-ఏడీగ్రూప్‌మెంబర్’ అనే ఆదేశం సభ్యుల పేర్లు చూపుతుంది. ఒక చిక్కుంది. గ్రూపులో ఇంకో గ్రూపును కూడా చేర్చవచ్చు. అప్పుడు పట్టికలో ‘సీనియర్ సిబ్బంది’ అని ఒక్క పేరే కనిపిస్తుంది, దాని వెనక పదిమంది ఉంటారు. ‘రికర్సివ్’ అని జోడిస్తే ఆ పదిమందీ బయటపడతారు కానీ, వారు ఏ దారిన వచ్చారో కనబడదు. అందుకే రెండు పట్టికలూ తీయాలి. పేరు తీసేశాక కూడా, అప్పటికే లాగిన్ అయి ఉన్నవారికి మళ్లీ లాగిన్ అయ్యేదాకా పాత అనుమతి నడుస్తూనే ఉండవచ్చు.

పట్టిక తీసేది కంప్యూటర్ మాస్టారే అయినా, చదవాల్సింది ఆయనొక్కరే కాదు. ఎవరు ఏ విభాగంలో ఉన్నారో, ఎవరు జూన్‌లో రిలీవ్ అయ్యారో ఆఫీసు సూపరింటెండెంటుకు తెలుస్తుంది, యంత్రానికి తెలియదు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని పేరు పేరూ చదవాలి, తేదీ వేసి సంతకం పెట్టాలి.

‘ఉన్నదే నలభై మందిమి, అందరం ఎరిగినవాళ్లమే, ఈ తతంగమెందుకు’ అనేవారున్నారు. నలభై మందే కాబట్టి రెండు కాగితాల్లో అయిపోతుంది. టర్ముకు ఒక అరగంట.