ఫ్యామిలీ సినిమా అంటే ఎవరి సినిమా?

దసరా సెలవులకి అరకు వెళ్లాలంటే నెల ముందు నుంచే లెక్కలు. ఘాట్ రోడ్డులో పిల్లకి వాంతులవుతాయేమో, అద్దాల రైల్లో టికెట్లు దొరుకుతాయో లేదో, రాత్రి చలికి స్వెట్టరు సరిపోతుందో లేదో. అంత ఆలోచించే తండ్రి ఆదివారం సినిమాకి మాత్రం ఒకటే చూస్తాడు: హీరో ఎవరు?

2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి యూఏని 7+, 13+, 16+ అని మూడుగా విడగొట్టారు. అయితే 16+ ఉన్నా మూడేళ్ల పిల్లని హాలువాళ్లు ఆపరు. చూపించాలా వద్దా అన్నది తల్లిదండ్రులే తేల్చుకోవాలంటుంది చట్టం. మనమేమో తెరమీద కొడవలి లేవగానే పిల్ల కళ్లకి చెయ్యి అడ్డం పెట్టి, బాధ్యత తీరిందనుకుంటాం. మరి చెవులెవరు మూస్తారు?

"పిల్లల సినిమాలు ఎక్కడున్నాయండీ?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. బాలల చలనచిత్రోత్సవానికి హైదరాబాదే శాశ్వత వేదిక అన్నారు. 2017లో 20వ ఉత్సవం జరిగింది, తర్వాత దాని ఊసే లేదు. 1955లో పుట్టిన చిల్డ్రన్స్ ఫిల్మ్ సొసైటీని 2022లో ఎన్‌ఎఫ్‌డీసీలో కలిపేశారు. ఎంతమందిమి అడిగాం? బెనిఫిట్ షో లేదంటే మాత్రం ఊరంతా గోల చేస్తాం.

ఆదివారం పొద్దున పిల్లలకంటూ ఒక్క ఆట వెయ్యమని హాలువాళ్లని అడుగుదాం. అది వచ్చేదాకా దీన్ని ఫ్యామిలీ సినిమా అనకండి. నాన్న సినిమా అనండి. పిల్ల ఒళ్లో ఉంది, అంతే.