అంచనాలోనే లోపం

సంక్షేమ సేవలను కేటాయించే ముందు ప్రజల జీవన విధానాన్ని తెలుసుకోవడం పాలకుల కనీస ధర్మం. 2004 డిసెంబరు 26 నాటి సునామీ అనంతరం నికోబార్ దీవుల్లో ఈ ధర్మం విస్మరణకు గురైంది. నికోబారీలది 'తుహెత్' అనే ఉమ్మడి కుటుంబ వ్యవస్థ. కొబ్బరి తోటల యాజమాన్యం మొదలు వృద్ధుల, అనాథల పోషణ వరకు అన్నీ తుహెత్ బాధ్యతలే. అయితే అధికార యంత్రాంగం దంపతులు, పిల్లలతో కూడిన చిన్న కుటుంబాన్నే ప్రాతిపదికగా తీసుకొని పరిహారాన్ని, గృహాలను కేటాయించింది. సాయం అందినప్పటికీ, బలహీనులను ఆదుకునే ఉమ్మడి ఆసరా సడలింది.

అండమాన్‌లో పంచాయతీలుండగా, నికోబార్ జిల్లాలో గిరిజన మండళ్లు పనిచేస్తున్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ జిల్లా జనాభా 36,842 మాత్రమే. మెరుగైన వైద్యం కోసం రోగులు సముద్రం దాటి, 2024 వరకు పోర్ట్‌బ్లెయిర్‌గా వ్యవహరించిన శ్రీ విజయపురానికి చేరవలసిందే. జనసంఖ్య ఒక్కటే కొలమానమైతే చిన్న దీవులకు దక్కేది స్వల్పమే. దూరాన్ని, రవాణా వసతిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఏ ఇంట ఎవరికి ఆసరా అవసరమో గ్రామ పెద్దలకు తెలిసినంతగా రాజధానిలోని అధికారులకు తెలియదు. ఉత్తర్వులు వెలువడిన తర్వాత కాక, అంచనాల దశలోనే గిరిజన మండళ్లను సంప్రదించడం విజ్ఞత అనిపించుకుంటుంది.