ఇంటి ముచ్చటలు: పెంపుడు కొండచిలువ వచ్చుటకు ముందు

ఈ మాసము మాకు చేరిన ప్రశ్నలలో ఒకటి మమ్ము కొంత ఆలోచనలో పడవేసినది. ఇంటరు చదువుచున్న తమ కుమారుడు బాల్ పైథాన్ అను విదేశపు కొండచిలువను పెంచెదనని పట్టుబట్టి కూర్చున్నాడనియు, వలదన్నకొలది పట్టుదల హెచ్చుచున్నదనియు, ఒకవేళ తెచ్చినచో ఇంట ఏయే సన్నాహములు చేయవలయునో తెలుపుడనియు ఒక సోదరి అడిగిరి. చిలుకను గూర్చియో కుక్కపిల్లను గూర్చియో అయినచో నాలుగు మాటలలో తేల్చియుందుము. పామును గూర్చి, అందునను గొలుగొండ వంటి చోటనుండి వ్రాయునప్పుడు అంత తేలికగా తేలదు. మాకిచ్చట కొండచిలువ క్రొత్త కాదు. కొండలు దిగి పొలములలోనికిని కోళ్లగూళ్లలోనికిని వచ్చుచుండును. చూచినవారిలో కొందరు కర్ర లెత్తుదురు, కొందరు చేతు లెత్తుదురు. దానిని పెంచుకొందమనువారు మాత్రము ఈ తరముననే పుట్టిరి.

మొట్టమొదట తెలిసికొనవలసినది, ఆ పిల్లవాడు కోరునది మన కొండచిలువ కాదని. బాల్ పైథాన్ ఆఫ్రికా ఖండపు పడమటి భాగమునను మధ్యభాగమునను పుట్టి పెరుగు జాతి. భయపడినప్పుడు తల లోపలికి ముడుచుకొని బంతివలె చుట్టుకొనును గనుక ఆంగ్లేయులు దానికా పేరు పెట్టిరి. మన కొండచిలువ పది అడుగులు దాటి పెరుగగా, ఇది మూడు నాలుగడుగులకు, ఆడుదైనచో ఐదడుగులలోపునకు ఆగిపోవును. విషము లేదు. పగలెల్ల చెదపుట్టలలోను ఎలుక బొరియలలోను దాగి, చీకటి పడిన పిమ్మట వెలువడును. బెనిన్ దేశమున ఉయిదా అను పట్టణములో వీనికొక గుడియే కలదు. ఆ ఊరివారు వీనిని చంపరు. ఇల్లు చొచ్చిన పామును మెల్లగా ఎత్తి మరల గుడికి చేర్తురు. నాగులచవితినాడు పుట్టచుట్టు తిరుగు మనకు ఆ భక్తి వింతగా తోపదు.

పిల్లవాని ముచ్చటను తల్లి తూచి చూడవలసిన చోటు దీని ఆయువు. ఇది ఇరువది ముప్పది యేండ్లు బ్రదుకును. అమెరికాలోని సెయింట్ లూయిస్ జంతుప్రదర్శనశాలకు 1961లో వచ్చిన ఆడుపాము 2020లో, అరువది యేండ్లు దాటిన వయసున, ఎన్నో యేండ్లుగా మగపాము పొత్తు లేకయే గ్రుడ్లు పెట్టి శాస్త్రజ్ఞులనే ఆశ్చర్యపరచినది. పదునారేండ్ల బాలుడు నేడు తెచ్చు పాము, వాడు చదువులకై విశాఖపట్టణమో హైదరాబాదో పోయిననాడును ఇంటనే యుండును. వసతిగృహమువారు దానిని గడప దాటనీయరు. వాని పెండ్లినాటికిని ఉండును. నడుమ దానికి నీరు మార్చువా రెవరు? ఈ ప్రశ్నకు ఏ యింటనైనను జవాబు ఒక్కటియే, ఆ జవాబు వంటయింటిలో నుండును. కావున ముందుగా అడుగవలసినది పిల్లవానిని కాదు, తల్లి తన్ను తానే.

రెండవది చట్టము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి మన కొండచిలువ మొదటి షెడ్యూలులో నున్న ప్రాణి. దానిని పట్టుట, పెంచుట, అమ్ముట, కొనుట అన్నియు నేరములే. శిక్ష మూడేండ్లకు తక్కువ కాక ఏడేండ్ల వరకు చెర, 25,000 రూపాయలకు తక్కువ కాని జరిమానా. పొలములో దొరకిన పిల్లను "పాపము, చిన్నది" అని డబ్బాలో నుంచి పాలు పోయువారు మా ప్రాంతమున లేకపోలేదు. పాము పాలు త్రాగి బ్రదుకునది కాదు. వారు చేయునది పెంపకమును కాదు, పుణ్యమును కాదు. కొండచిలువ కనబడినచో దూరముగా నిలిచి నర్సీపట్నము అటవీశాఖవారికి కబురు చేయవలెను, అంతియే.

విదేశపు జాతికి దారి వేరు. ఆ చట్టమునకు 2022లో జరిగిన సవరణ 2023 ఏప్రిలు 1 నుండి అమలునకు వచ్చినది. అంతర్జాతీయ ఒడంబడికచే రక్షింపబడిన పరదేశపు ప్రాణులను నాలుగవ షెడ్యూలులో చేర్చిరి. బాల్ పైథాను అందులోనిదే. 2024 ఫిబ్రవరి 28న వెలువడిన నియమముల ప్రకారము ఇట్టి ప్రాణి చేతనున్నవారు పరివేష్ అను ప్రభుత్వపు జాలస్థలములో దానిని నమోదు చేయింపవలెను. పుట్టినను, చచ్చినను, చేతులు మారినను తెలియజేయవలెను. కావున పిల్లవాడు "స్నేహితుని అన్న అమ్ముచున్నాడు" అని చెప్పినయెడల, వెల అడుగుటకు ముందు నమోదు పత్ర మడుగుడు. పత్రము లేదన్నచో బేర మక్కడనే ఆగవలెను.

ఇంత గట్టిగా చెప్పుటకు కారణము కలదు. 2023 జూలైలో తిరుచిరాపల్లి విమానాశ్రయమున కౌలాలంపూరు నుండి వచ్చిన ఒక ప్రయాణికుని పెట్టెలో 47 కొండచిలువలును రెండు బల్లులును దొరకినవి. ఆ సెప్టెంబరులోనే బెంగుళూరు విమానాశ్రయమున బ్యాంకాకు నుండి వచ్చిన సామానులో 55 బాల్ పైథానులు, 17 గిరినాగులు, ఆరు కోతులు బయటపడినవి. కోతులారును అప్పటికే చచ్చియుండెను. గాలి యాడని పెట్టెలో గుడ్డసంచులలో మూటగట్టబడి వచ్చిన ఆ జీవములలో నొకటి, ఏ అధికారి కంటను పడక, ఒక పిల్లవాని పుట్టినరోజు కానుకగా మన యింటికి చేరవచ్చును గదా. ఆఫ్రికాలోని తమ అడవులలో వీని సంఖ్య తగ్గుచున్నదని 2021లో ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘమువారు గుర్తించి, ప్రమాదమునకు చేరువైన జాతులలో చేర్చిరి. పత్రము అడుగుట చట్టభయముచేతనే కాదు.

పత్రమున్నదనియే యనుకొందము. ఇక పెట్టె. ఎదిగిన పామునకు నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల పెట్టె వలయును. గాలికి సన్నని రంధ్రములును, మూతకు గట్టి గడియయు నుండవలెను. తల పట్టు సందు దొరకినచో పాము మెల్లగా జారిపోవును. అడుగున కొబ్బరిపీచు పొట్టు పరచినచో చాలును, మన ప్రాంతమున దానికి కరవు లేదు. వెచ్చని మూలను ఒకటి, చల్లని మూలను ఒకటి, దాగుటకు రెండు గూళ్లు. పగిలిన కుండ బోర్లించి, అంచులు నున్నగా అరగదీసినను సరిపోవును. గూడు ఇరుకుగా నుండిననే దానికి ధైర్యము. విశాలమైన భవనము కట్టి పెట్టుటవలన అది సంతోషింపదు. మునిగి చుట్టుకొనుటకు చాలినంత నీటిపాత్ర ఒకటి.

పామునకు సొంత వేడిమి లేదు, చుట్టునున్న వేడిమియే దాని వేడిమి. అందుచే పెట్టెలో ఒకవైపు 31 నుండి 33 డిగ్రీలు, మరియొకవైపు 25 నుండి 27 డిగ్రీల సెంటీగ్రేడు ఉండవలెను. గాలిలో తేమ నూటికి 55 నుండి 70 పాళ్లు. చలిదేశములవారు వ్రాసిన పుస్తకములన్నియు వేడి చేయుట యెట్లో చెప్పును. మాకు కావలసినది చల్లబరచుట యెట్లో! వైశాఖ జ్యేష్ఠములలో రేకుల కప్పు క్రింద మధ్యాహ్నపు వేడిమి 40 డిగ్రీలు దాటుట కలదు. 35 డిగ్రీలు దాటినచోట చాలసేపు మూతపడియున్న పాము చచ్చును. కావున పెట్టె యుంచవలసినది మేడమీదను కాదు, పడమటి గోడనానుకొనియు కాదు. ఇంటి నడిమి గదిలో, ఎండ సోకని చోట, నేలకు దగ్గరగా. తడిబట్ట కప్పుట, కూజావలె మట్టిపాత్రలో నీరుంచుట మన పెద్దలెరిగిన ఉపాయములే. పుష్య మాఘములలో కొండగాలి వీచునప్పుడు మాత్రము వేడిపట్టా వేయవలసివచ్చును. దానికి థర్మోస్టాటు లేనిదే వేయరాదు. పాము తన కడుపు కాలుచున్నను వెంటనే ప్రక్కకు తొలగునని నమ్మరాదు.

ఆహారమును గూర్చి వ్రాయుటకు చేయి వెనుకాడుచున్నది, వ్రాయకపోయిన ద్రోహ మగును. దీని ముఖ్యాహారము ఎలుకలే. కూరలు తినదు, అన్నము తినదు, గ్రుడ్డును ఇష్టపడదు. శాకాహారపు టిండ్లవారు తొలుత ఈ సంగతి తేల్చుకొని గాని ముందుకు పోరాదు. భాగవతములో ప్రహ్లాదునకు ఎదురైన అజగరవ్రతుడైన ముని తన కడకు వచ్చినదే తిని, రానినాడు పస్తుండునని చదివి, కొండచిలువ కేదో ఒకటి పెట్టిన చాలునని తలంపరాదు. ఆ వ్రతములో పస్తు మాత్రము నిజము: ఆరోగ్యముగా నున్న బాల్ పైథాను ఒక్కొకప్పుడు వారములు, నెలలు కూడ మేత ముట్టదు. తల్లుల ప్రాణము అప్పుడు కొట్టుకొనును. కాటాపై తూచి పుస్తకములో వ్రాయుచుండవలెను. బరువు తగ్గనంతవరకు బెంగ వలదు.

పిల్లపామునకు వారమున కొకసారి, ఎదిగినదానికి రెండు మూడు వారముల కొకసారి, దాని నడుము లావునకు మించని ఎలుక చాలును. బ్రదికిన ఎలుకను వేయరాదు, మూలకు తరుమబడిన ఎలుక పామును కొరికి పుండ్లు చేయును. పెంపకపు ఎలుకలను చంపి గడ్డకట్టించి యమ్మువారి కడ కొని, కరగించి, గోరువెచ్చగ చేసి, పట్టకారుతో అందించుట పద్ధతి. ఇట్టివి పట్టణములలో దొరకును గాని మన అంగళ్లలో దొరకవు. "పొలములో ఎలుకలకేమి లోటు" అని పిల్లవా డనవచ్చును. ఆ మాట విని మోసపోవలదు. పొలపు ఎలుక కడుపులో క్రిములుండును. అంతకుమించి, రైతు పెట్టిన మందు తిన్న ఎలుకను మ్రింగిన పామును ఆ మందే చంపును.

ఆ గడ్డకట్టిన మేతకు వేరుగా చిన్న ఫ్రీజరు కావలెను. పెరుగు, ఇడ్లీపిండి ఉండు పెట్టెలో దానిని చేర్చనిచ్చు గృహిణిని మే మెరుగము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టినప్పుడు విశాఖ ప్రాంతమున దినముల తరబడి కరెంటు లేదు. అట్టినాడు ఆ ఫ్రీజరులోని సరకు ఏమగునో ముందే ఊహించుకొనుడు. కరగిన మేతను మరల గడ్డకట్టింపరాదు, పారవేయవలసినదే.

పామును ముట్టినవారు, పెట్టె కడిగినవారు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. దాని పాత్రలను వంటపాత్రలు తోముచోట తోమరాదు. సాల్మొనెల్లా అను విరేచనపు సూక్ష్మజీవి పాముల ఒంటిపై సహజముగా నుండును. ఐదేండ్లలోపు పిల్లలు, గర్భవతులు, ముసలివారు దానిని తాకకుండుట మేలు. తెచ్చిన తొలివారము ఎవ్వరును ఎత్తరాదు. మేత పెట్టిన పిదప రెండు దినములును అంతే. కన్నులు నీలముగ మసకబారినచో కుబుసము విడుచుటకు సిద్ధమైనదని యెరిగి తేమ హెచ్చింపవలెను. నోరు తెరచి శ్వాసించినను, ముక్కున నురుగు కనబడినను ఆలస్యము చేయరాదు. పశువైద్యులందరును పాములను చూడరు గనుక, చూచువారెచ్చటనున్నారో పాము రాకముందే విచారించియుంచవలెను. మరియొకటి: నాగులచవితినాడు ఇరుగుపొరుగువారు పాలు, పసుపు, కుంకుమ పట్టుకొని రావచ్చును. పెట్టె యున్న గదికి తాళము వేసి, వచ్చినవారికి తాంబూల మిచ్చి పంపుడు.

ఇన్నింటికంటెను మాకు గుండె దడదడలాడించునది వేరొకటి. ఇంట నిర్భయముగా పామును చేతికి చుట్టుకొన్న పిల్లవాడు పొలము గట్టున మచ్చలపామును చూచినపు డేమి చేయును? రక్తపింజర ఒంటిమీదను గుండ్రని గోధుమ మచ్చలే యుండును. బొద్దుగా, మందముగా పడియుండును. కొండచిలువ పిల్లయని దానిని పట్టబోయి ప్రాణము మీదికి తెచ్చుకొన్నవారు కలరు. రక్తపింజర మచ్చలు గొలుసువలె వరుసలు తీరియుండును, తల త్రికోణముగ నుండును, కుక్కరు ఈలవలె బుసకొట్టును. కాని ఈ గుర్తులు దూరము నుండి తొలగిపోవుటకే గాని, దగ్గరకు పోయి పోల్చుటకు కాదు. పెట్టెలోని పాము తప్ప మరి యే పామును చేత ముట్టనని పిల్లవానిచేత మాట తీసికొనుడు. కాటు పడినచో త్రాడు కట్టక, కోయక, మంత్రగానికై వేచియుండక, ఆ యవయవమును కదల్పనీయక నర్సీపట్నము ప్రభుత్వ వైద్యశాలకు చేర్పవలెను.

మా సలహా యొకటి కలదు. పాము రాకమునుపు మూడు నెలలు ఖాళీ పెట్టెను నడపుమనుడు. ప్రతిదినము ఉదయము, సాయంత్రము రెండు మూలల వేడిమియు తేమయు చూచి, నీరు మార్చి, పుస్తకములో వ్రాయవలెను. పరీక్షల వారములోను, పెండ్లిపిలుపులు వచ్చిననాడును మానరాదు. ఆ మూడునెలలలో ఎండకాలము ఒక మాసమైనను ఉండునట్లు చూడుడు. పామే లేని పెట్టెకు పని చేయగలిగినవాడు ఉన్న పెట్టెకు తప్పక చేయును. పుస్తకములో ఖాళీలు కనబడినయెడల వాదములతో పని లేదు, పుస్తకమే చూపవచ్చును.

అన్నియు సాగి పాము వచ్చిన కొన్నాళ్లకు ఇల్లు మారవలసివచ్చినను, పెంచు ఓపిక తీరినను దానిని మన కొండలలో విడువరాదు. అమెరికాలోని ఫ్లోరిడాలో పెంపుడువారు వదలిన బర్మా కొండచిలువలు చిత్తడి నేలలలో పెరిగి, అక్కడి కుందేళ్లను, రకూనులను మ్రింగివేయుచుండగా 2012లో ఆ దేశమువారు వాని దిగుమతినే నిషేధించిరి. మన పాములకు లేని రోగములు పరదేశపు పామువలన అంటవచ్చును. లేదా అది చెదపుట్ట వెదకుకొనుచు ఒక యింటి చూరు చొచ్చి కర్రదెబ్బ తినును. అటవీశాఖవారికి వ్రాతమూలకముగా తెలిపి, వారు చెప్పిన చోటికి పెట్టెతోను, నమోదు పత్రముతోను, బరువు వ్రాసిన పుస్తకముతోను కలిపి అప్పగింపవలెను. కడపటిసారి ఎప్పుడు తిన్నదో, ఎప్పుడు కుబుసము విడిచినదో ఆ పుస్తకములో ఉండినయెడల, దానిని తీసికొనువారు మొదటి వారమున ఏమి చేయవలెనో ఎవరిని అడుగనక్కరలేదు.