వేదికే ప్రయోగశాల

రసాయన శాస్త్ర విద్యార్థి సిద్ధాంత వ్యాసం కోసం ప్రయోగశాలలో రాత్రులు గడిపితే మనమెవ్వరమూ ఆశ్చర్యపడము. నాటక విద్యార్థి పరిశోధన కోసం నాటకమే తయారు చేస్తానంటే మాత్రం, "ఆట పరిశోధన ఎట్లా అవుతుంది?" అంటాము. ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి పుదుచ్చేరి తగిన చోటు.

పట్టణానికి ఉత్తరంగా, కాలాపేట్ సముద్రతీరాన, 1985లో ఏర్పడిన కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్నది. అక్కడి నాటక విద్యాలయానికి శంకరదాస్ స్వామిగళ్ పేరు పెట్టారు. తమిళ నాటకకర్త ఇందిరా పార్థసారథి దానికి తొలి అధిపతి. 1922లో పుదుచ్చేరిలోనే కన్నుమూసిన స్వామిగళ్ నాటకాలు రచించారు, నటించారు, బాలనటులను తీర్చిదిద్దారు. ఆయనకు రచన వేరు, ప్రదర్శన వేరు కాలేదు.

ఒక ఉదాహరణ చూద్దాము. తమిళుల తెరుక్కూత్తు మన వీధినాటకానికి తోబుట్టువు. అందులో కట్టియక్కారన్ అనే విదూషకుడు ప్రేక్షకుల ముఖాలు చూస్తూ వారితో పరిహాసమాడుతాడు. ఆ పాత్రను ప్రేక్షకులు చీకటిలో కూర్చునే నాటకశాలకు తెస్తే అతని హాస్యం ఏమవుతుంది? గ్రంథాలయం దారి చూపగలదు గాని తీర్పు చెప్పలేదు. ఆడి చూడవలసిందే. అనువాదకుడిగా నాకిది స్వానుభవం. కాగితం మీద ముచ్చటగొలిపిన సంభాషణ నటుని నోట తడబడినప్పుడే, అందులో ఊపిరి తీసుకునే చోటు లేదని తెలిసివచ్చేది.

అయితే ఆడినంత మాత్రాన అది పరిశోధన కాదు. మార్గదర్శి అవసరం ఇక్కడే. మొదటి సహాయం, ప్రశ్నను చిన్నది చేయడం. వీణాపాణి చావ్లా 1981లో బొంబాయిలో స్థాపించి, పిదప పుదుచ్చేరి ప్రాంతానికి తెచ్చిన ఆదిశక్తి బృందం, కూడియాట్టం వంటి కళల నుంచి నటుని శ్వాస రహస్యాలు నేర్చుకొంటూ ఒక్కొక్క నాటకానికి ఏళ్ల తరబడి శ్రమించింది. పరీక్ష తేదీ తరుముతున్న విద్యార్థికి అంత వ్యవధి ఎక్కడిది?

రెండవది, రిహార్సల్ దినచర్యను ఏ రోజుకు ఆ రోజు వ్రాయించడం. ఏ దృశ్యం మార్చారు, ఎందుకు మార్చారు, ఏది బెడిసికొట్టింది అన్నవన్నీ అందులో ఉండాలి. విఫలమైన దృశ్యం కూడా సాక్ష్యమే. మూడవది, నాటకం సగం సిద్ధమైనప్పుడే పదిమందికి చూపించడం. అప్పుడైతే తప్పు దిద్దుకోవడానికి వ్యవధి ఉంటుంది. సాయంత్రాలు ఒక గది, సహకరించే నటులు ఉండాలని వేరే చెప్పనక్కరలేదు. పరీక్షకులు సైతం వ్యాసం చదివి ఊరుకోక, నాటకాన్ని ప్రేక్షకుల నడుమ కూర్చుని చూడాలి.

దీపాలు ఆరిపోగానే నాటకం మాయమవుతుంది. దాచుకోకపోతే అది నేర్పిన జ్ఞానమూ దానితోనే పోతుంది. మరుసటి ఏడు వచ్చే విద్యార్థి మళ్లీ మొదటి మెట్టు దగ్గరే నిలబడతాడు. కనుక ఆ యువ పరిశోధకుణ్ణి, "నాటకం రక్తికట్టిందా?" అని మాత్రమే అడిగితే చాలదు. "ఇది ఆడకపోయి ఉంటే తెలియకుండా పోయే సంగతి ఏది?" అని అడగాలి. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పగలిగేటట్లు అతణ్ణి సిద్ధం చేయడమే గురువు పని.