ఆపత్కాలంలో ప్రజారవాణా

ఒక దేశపు ప్రగతిని దాని వాహనాల వేగంతో కొలవడం నేడు పరిపాటి అయింది. కొత్త రైలు ఎంత వేగంతో పరుగెత్తుతుందో, కొత్త రహదారి ఎన్ని గంటల ప్రయాణాన్ని తగ్గిస్తుందో పత్రికలు ఘనంగా ప్రకటిస్తాయి. వేగం కోరదగినదే. అయితే ప్రజారవాణా వ్యవస్థకు అసలైన పరీక్ష తుపాను రాత్రి, వరద నాడు, మహమ్మారి కాలంలో ఎదురవుతుంది. సొంత వాహనం, చేతిలో ధనం ఉన్నవారు ఆపద వేళ ఏదో ఒక దారి వెతుక్కోగలరు. బస్సునో రైలునో నమ్ముకొని బతికే కూలీకి, ఆసుపత్రికి చేరవలసిన వృద్ధురాలికి, పరీక్ష రాయవలసిన విద్యార్థికి మరో దారి ఉండదు. కనుక విపత్తులను తట్టుకొనే విధంగా ప్రజారవాణాను తీర్చిదిద్దడం కేవలం ఇంజనీర్ల పని అనుకోరాదు. అది బలహీనుల పట్ల సమాజం నెరవేర్చవలసిన బాధ్యత.

ఈ బాధ్యతను విస్మరిస్తే ఏమవుతుందో తెలుగునేలకు అనుభవమే. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ సమీపాన వర్షాల ఉద్ధృతికి ఒక రైలు వంతెన కూలి, వందమందికి పైగా ప్రయాణికులు మరణించారు. నాటి రైల్వే మంత్రి లాల్‌బహదూర్ శాస్త్రి నైతిక బాధ్యత వహిస్తూ రాజీనామా సమర్పించగా ప్రధాని నెహ్రూ అంగీకరించలేదు. అదే ఏడాది నవంబరులో తమిళనాట అరియలూరు వద్ద వరద నీటికి వంతెన దెబ్బతిని మరో రైలు ఘోర ప్రమాదానికి గురైంది. శాస్త్రి మళ్లీ రాజీనామా చేశారు. ఈసారి అది ఆమోదం పొందింది. ఆయన నైతిక నిష్ఠను దేశం నేటికీ కొనియాడుతున్నది. కాని ఆ రెండు వంతెనలు చెప్పిన పాఠం మాత్రం అంతగా గుర్తుండలేదు.

దాదాపు అర్ధశతాబ్దం గడిచాక, 2005 అక్టోబరు 29వ తేదీ తెల్లవారుజామున, నాటి నల్లగొండ జిల్లాలోని వలిగొండ సమీపంలో అదే విషాదం పునరావృతమైంది. భారీ వర్షాలకు ఎగువన చెరువులు తెగాయి. ఆ ప్రవాహం ఒక చిన్న రైలు వంతెనను తుడిచిపెట్టింది. రేపల్లె నుంచి సికింద్రాబాదు వెళుతున్న డెల్టా ప్యాసింజరు ఆ చీకటిలో అక్కడికి చేరుకుంది. వందమందికి పైగా అసువులు బాశారు. వారిలో చాలామంది నిద్రలో ఉన్న సామాన్య ప్రయాణికులు.

ఇటువంటి ప్రమాదాలను విధివిలాసమని సరిపెట్టుకోవడం తగదు. తెలంగాణలో చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు తెగితే ఆ నీరంతా కింది చెరువు మీద పడుతుంది. అదీ తెగితే ప్రవాహం రెట్టింపై దిగువకు దూకుతుంది. ఇక రైలు కట్ట నీటి సహజ మార్గానికి అడ్డంగా నిలిచిన పొడవైన గోడ వంటిది. ఆ గోడలో నీరు పోవడానికి ఉంచిన ద్వారాలే చిన్న వంతెనలు, తూములు. ద్వారం ఇరుకైనా, పూడిక నిండినా నీరు ఒకవైపు నిలిచి కట్టను కోస్తుంది. చెరువు కట్ట ఒక శాఖది, రైలు కట్ట మరొక శాఖది. నీటికి మాత్రం ఈ శాఖాభేదం తెలియదు. రైలు మార్గానికి ముప్పు తేగల చెరువులను రైల్వే అధికారులు, రాష్ట్ర ప్రభుత్వ అధికారులు కలిసి తనిఖీ చేసే విధానం మన దేశంలో ఉన్నది. ఆ తనిఖీ కాగితం మీది సంతకంతో ముగియక, కట్ట మీది నడకగా సాగినప్పుడే ప్రయాణికుడికి రక్ష.

వాతావరణ మార్పు ఈ అవసరాన్ని మరింత పెంచింది. గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే సుమారు 7 శాతం అధికంగా నీటి ఆవిరిని ఇముడ్చుకోగలదని భౌతికశాస్త్రం చెబుతున్నది. అందువల్ల కురిసే వాన తక్కువ సమయంలో ఎక్కువగా కురిసే అవకాశం పెరుగుతున్నది. 2005 జూలై 26న ముంబయిలోని శాంతాక్రజ్ వద్ద ఒక్కరోజులో 944 మిల్లీమీటర్ల వర్షం కురిసింది. ఆ మహానగరానికి జీవనాడి అయిన లోకల్ రైళ్లు స్తంభించి, లక్షలాది జనం నడిదారిలో చిక్కుకున్నారు. పూర్వపు వర్షపాతపు లెక్కలతో కట్టిన వంతెనలు, కాలువలు నేటి వానలకు చాలవని గ్రహించాలి. వేసవి తాపమూ చిన్న సమస్య కాదు. మండుటెండలో ఉక్కు పట్టాలు వ్యాకోచించి వంకర తిరిగే ప్రమాదం ఉన్నది. కాబట్టి వానాకాలపు గస్తీతో పాటు ఎండాకాలపు గస్తీ కూడా ఆవశ్యకమే.

విపత్తును తట్టుకోవడమంటే ఎట్టి పరిస్థితిలోనూ ఆగకుండా నడవడమని కొందరు భావిస్తారు. సమయానికి ఆగడం కూడా సేవయే. 1964 డిసెంబరు తుపానులో ధనుష్కోటి చేరువలో సముద్రపు అలలు ఒక రైలును కబళించాయి. ఆ తరువాత పాంబన్ పాత వంతెన మీద గాలి వేగం గంటకు 58 కిలోమీటర్లు దాటితే రైలును నిలిపివేసే ఏర్పాటు చేశారు. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా కేసముద్రం వద్ద వరదకు రైలు కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. రైళ్లను ముందే నిలిపివేయడంతో పెను ప్రమాదం తప్పింది. వందలాది కార్మికులు రేయింబవళ్లు శ్రమించి కొద్ది రోజుల్లోనే మార్గాన్ని పునరుద్ధరించారు. వలిగొండకు, కేసముద్రానికి గల తేడా ఇదే. వరద రెండుచోట్లా వచ్చింది. రెండవచోట రైలు ఆగింది. అయితే ఆగిన రైలులోని ప్రయాణికుడికి అన్నం, నీరు, మందులు, సరైన సమాచారం అందించి, మరో మార్గాన గమ్యం చేర్చడం కూడా ముందే సిద్ధం చేసుకోవలసిన పని.

రవాణా కేంద్రాలను ఎక్కడ నెలకొల్పాలన్నది మరొక ముఖ్య విషయం. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదు నగరాన్ని అతలాకుతలం చేసింది. వేలాది ప్రజలు మరణించారు. ఆ అనుభవం నుంచే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు రూపొందాయి. అయినప్పటికీ నగరపు ప్రధాన బస్సు కేంద్రమైన మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ ఆ నది మధ్యనే వెలసింది. 2025 సెప్టెంబరులో మూసీ పొంగి బస్‌స్టేషన్‌లోకి నీరు చేరగా, ప్రయాణికులను సురక్షితంగా తరలించి, బస్సులను ఇతర ప్రాంతాల నుంచి నడపవలసి వచ్చింది. నది తన చోటును మరచిపోదు. మరచిపోయినది మానవుడే.

ప్రజారవాణా విపత్తుకు గురయ్యే వ్యవస్థ మాత్రమే కాదు, విపత్తు నుంచి ప్రజలను గట్టెక్కించే సాధనం కూడా. 1999లో ఒడిశాను తాకిన మహా తుపాను సుమారు పదివేల ప్రాణాలను బలిగొన్నది. అదే తీరానికి 2013లో ఫైలిన్ తుపాను వచ్చినప్పుడు లక్షలాది ప్రజలను ముందుగానే సురక్షిత ప్రాంతాలకు తరలించారు. మృతుల సంఖ్య పదులకే పరిమితమైంది. ముందస్తు హెచ్చరిక ఎంత విలువైనదైనా, ఊరి వారిని తీసుకుపోయే వాహనం రాకపోతే ఆ హెచ్చరిక భయాన్నే మిగులుస్తుంది.

2020లో కరోనా మహమ్మారి ఈ సత్యాన్ని మరో రూపంలో చూపింది. రైళ్లు, బస్సులు ఒక్కసారిగా నిలిచిపోగా వలస కార్మికులు పసిబిడ్డలను ఎత్తుకొని వందల కిలోమీటర్లు కాలినడకన బయలుదేరారు. మే 1న హైదరాబాదు చేరువలోని లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు తొలి శ్రామిక రైలు కదిలింది. అప్పటికి లాక్‌డౌన్ మొదలై నెల దాటింది. రాకపోకలను నియంత్రించక తప్పని వేళ కూడా, ఇల్లు చేరవలసిన వారికి ఒక సురక్షితమైన మార్గాన్ని మొదటిరోజే ఆలోచించి ఉంచాలన్నది ఆ పాదయాత్రలు నేర్పిన పాఠం.

వీటన్నింటికీ ధనం ఎక్కడిదన్న ప్రశ్న సహజం. ప్రభుత్వాలకు అవసరాలు అనేకం, వనరులు పరిమితం. అయితే చేయదగిన పనులన్నీ కోట్లతో కూడినవి కావు. చెరువు నీటిమట్టాన్ని సమీప రైల్వేస్టేషన్‌కు వెంటనే తెలిపే ఏర్పాటుకు, తూములలో పూడిక తీయడానికి, డ్రైవర్లకు, కండక్టర్లకు ఆపత్కాల శిక్షణ ఇవ్వడానికి, వరద వేళ ఏ బస్సు ఏ ఊరికి పోవాలో ముందే నిర్ణయించడానికి కావలసినది ముఖ్యంగా శ్రద్ధ, శాఖల మధ్య సమన్వయం. పెద్ద వంతెనల విస్తరణకు ఖర్చు ఎక్కువే. అటువంటప్పుడు ప్రమాదం అధికంగా ఉన్నవాటిని గుర్తించి, ఏటా కొన్నింటిని చొప్పున చేపట్టవచ్చు. తూము పూడిక తీసినందుకు ప్రారంభోత్సవాలు జరగవు. శిలాఫలకాలు వెలయవు. అందుకే అటువంటి పనులు వెనుకబడిపోతుంటాయి. వాటికి నిధులు అడగవలసినది, లెక్క అడగవలసినది ప్రజలే.

నేటి విద్యార్థులలో కొందరు రేపు ఇంజనీర్లు, అధికారులు, ప్రజాప్రతినిధులు అవుతారు. అందరూ ప్రయాణికులు, పౌరులు కావడం మాత్రం నిశ్చయం. తమ ఊరి చెరువు నిండితే నీరు ఏ దారిన పోతుందో, ఆ దారికి అడ్డంగా ఏ రోడ్డు, ఏ రైలు కట్ట ఉన్నదో వారు తెలుసుకోవాలి. కట్టకు గండి కనిపిస్తే ఎవరికి చెప్పాలో ఎరిగి ఉండాలి. జోరువానలో చేతి దీపంతో పట్టాల వెంట నడిచే గస్తీ కార్మికుడి శ్రమను గౌరవించాలి. రాత్రి రైలులో నిశ్చింతగా నిద్రించే వందలాది మంది ప్రాణాలు అతడి మెలకువ మీద, ఎగువనున్న ఒక చెరువు కట్ట మీద ఆధారపడి ఉన్నాయి.