చెరువుగట్టుపై విద్య

కృష్ణా గోదావరీ మండలములలో ఒకప్పుడు వరి పండిన పల్లపు భూములు పెక్కు నేడు రొయ్యల చెరువులై యున్నవి. మన దేశమునుండి విదేశముల కెగుమతియగు మత్స్యసంపదలో విలువనుబట్టి అగ్రస్థానము రొయ్యలదే. ఆ రొయ్యల సాగులో ఆంధ్రప్రదేశము తక్కిన రాష్ట్రములకంటె ముందున్నది. ఈ సంపదను పండించువారిలో అధికసంఖ్యాకులు పెద్ద సంస్థలవారు కారు. చిన్నచెరువును సొంతముగనో కౌలునకో చేసికొని, అప్పు తెచ్చి సీడు వదలు బీదరైతులు. ఇట్టివారికి ఈ సాగుయొక్క మెలకువలు చెప్పువా రెవరు?

చాలచోట్ల జవాబొక్కటే: మేతయు మందులును అరువిచ్చు దుకాణదారు. రొయ్య మేత తినకున్నను ఆయనయే వైద్యుడు. నీటి రంగు మారినను ఆయనయే వైద్యుడు. ఆయన దుర్జనుడని మేమనజాలము. అమ్ముట ఆయన వృత్తి. కాని అమ్మువాడే అవసరమును నిర్ణయించుచోట కొనువాని యప్పు తీరుట యెన్నడు? బాకీపడిన రైతు "ఈ మందు నాకేల?" యని యడుగజాలడు. క్లోరాంఫెనికాలు, నైట్రోఫ్యూరాను వంటి నిషిద్ధౌషధముల జాడ కానవచ్చినచో పరదేశపు రేవులో సరకు తిరస్కృతమగును. ఆ నష్టము ధరల రూపమున ఏ పాపమెరుగని రైతులపైని గూడ బడును.

ఇందుకు మార్గము లేకపోలేదు. ఆ మార్గమును మన గడ్డమీదనే త్రొక్కి చూచిరి. 1994-95 సంవత్సరములలో తెల్లమచ్చల తెగులు తీరమున వ్యాపించి టైగరు రొయ్యల సాగును కుంగదీసెను. తెగులు ముదిరిన చెరువులో కొలదిదినములలోనే రొయ్యలన్నియు చచ్చును. నేటికిని దానికి మందు లేదు. 2000 సంవత్సరమున సముద్రోత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థయు, ఆసియా పసిఫిక్ దేశముల జలసాగు కేంద్రముల సంఘమును గలిసి, తెగులు ఏ చెరువుల కేల సోకుచున్నదో పరిశీలింప మొదలిడెను. 2002లో పశ్చిమగోదావరిలోని మొగల్తూరున చిన్నరైతులను జట్టుగా గూర్చి, ఆ పరిశీలన ఫలితములను ఆచరణమున బెట్టిరి.

ఈ పద్ధతిలోని పాఠములలో ఇంద్రజాలమేమియు లేదు. పంటకు ముందు చెరువు నెండగట్టి, అడుగున పేరుకొనిన నల్లమట్టిని తీసివేయుట, సున్నము చల్లుట, నీటిని సన్నని వలగుడ్డలో వడగట్టి పెట్టుట, పి.సి.ఆర్. పరీక్షలో తెగులు లేదని తేలిన సీడునే, జట్టువారందరు నొక్కమారే వదలుట. చెక్‌ట్రేలను జూచి మేత వేయుట. తెగులు సోకినచో ఆ నీటిని శుద్ధిచేయక కాలువలోనికి వదలకుండుట. ఇందు కడపటిదే ముఖ్యమైనది. ఒకని చెరువు విడుచు నీరే మరియొకని చెరువు త్రాగు నీరు. కావున ఒక్క రైతునకు జెప్పిన విద్య సగము విద్య. కాలువ నంటియున్న వారందరికి జెప్పినదే పూర్ణవిద్య. ఈ యనుభవము పునాదిగనే 2007లో నాక్సా యను సుస్థిర జలసాగు జాతీయ కేంద్రము స్థాపితమై, రైతుసంఘములను గూర్చు పనికి బూనుకొనెను.

ఈ పని ఊరూర సాగవలయును. పట్టణమున సభచేసి, తేనీరిచ్చి, కాగితములు పంచిన మాత్రమున శిక్షణము కాదు. నీటిలో ప్రాణవాయువు తగ్గు వేకువజామున చెరువుగట్టుపై నిలిచి చూపినదే శిక్షణము. కౌలురైతును అందు ముందుగా జేర్చుకొనవలయును. పత్రములలో భూస్వామి పేరున్నను రాత్రులు చెరువును గాచువాడు కౌలుదారే. సీడును, నీటిని, మట్టిని పరీక్షించు శాలలు చేరువలో చౌకగా నుండవలయును. పరీక్షకు దారిలేనివానికి పాఠము చెప్పుట అద్దము లేని యింట బొట్టు దిద్దుకొమ్మనుట వంటిది.

చెరువు లేని పొరుగువాని హక్కును గూడ ఈ విద్యలో భాగము కావలయును. ఉప్పునీరు ఊరి మంచినీటి బావిలోనికిని, ప్రక్క వరిచేనిలోనికిని ఊరరాదు. ఇట్టి ఫిర్యాదుల పిమ్మటనే 1996 డిసెంబరులో సుప్రీముకోర్టు తీరపు రొయ్యల చెరువులపై కఠినమైన తీర్పు చెప్పెను. 2005లో పార్లమెంటు తీరప్రాంత జలసాగు అధికారసంస్థ చట్టమును జేసెను. చట్టము దండింపగలదు గాని, గట్టుపై నిలిచి నేర్పజాలదు.

ఎగుమతుల యాదాయమును జూచి గర్వించు ప్రభుత్వములు, ఆ సంపదను చేతులార పండించువానికి విద్య నొసంగుట దానము గాదు, బాకీ తీర్చుట. రైతులును చేతులు ముడిచి యుండనక్కరలేదు. ఒక్క కాలువ క్రింది పదిమంది సీడు వదలుటకు ముందే ఒకచోట గూర్చుండి, ఒక్క మాటపై నిలిచిన సగము తెగులు గట్టుదాటదు. చేతులు కాలిన పిమ్మట ఆకులు వెదకుటకంటె అది మేలు.